తిరగబడ్డ నీళ్లు

మొన్న ముసురు పట్టి వదిలిన మరునాడు, కరీంనగర్‌లో మేముండే అపార్ట్‌మెంటు వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. ఎక్కడిదో కుంట. నీళ్లు కనపడనంతగా చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలి ఉన్నాయి. గట్టు మీద ఒకాయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. వీడియో కింద అప్పుడే తీర్పులు మొదలయ్యాయి. ఎవరో మందు కలిపారని పై అంతస్తు ఆయన రాశాడు. పాలివాళ్ల పనే అయ్యుంటుందని మా ఎదురింటావిడ తేల్చేసింది. కోపంతో ఎర్రబడ్డ మొహాల బొమ్మలు వరుసగా వచ్చి పడ్డాయి. నేనూ ఏదో రాద్దామని మొదలుపెట్టి, సగంలో చెరిపేసి ఫోను పక్కన పెట్టాను. ఫోనులో వాసన రాదని నాకూ తెలుసు. అయినా కుళ్లిన గుడ్ల వాసన ఒకటి వచ్చి ముక్కులో కూర్చుంది. అది చొప్పదండి దగ్గర మా పెద్దబాపు క్వారీ గుంత వాసన.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. నన్ను తెలుగు టీచరుగా ఆ పక్క ఊరి బడికి వేసినప్పుడు, మా ఆయన ఉద్యోగం బెల్లంపల్లి గనిలో. కాపురం అక్కడ, బడి ఇక్కడ. సెలవులొస్తే రైలెక్కి పోవడం, మిగతా రోజులు పెద్దబాపు ఇంట్లో ఉండడం. మంచి మనిషే, కాని అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం. పాలు పోసే ఆమె ఎదురుగానే గ్లాసులో వేలు ముంచి చూసేవాడు. బస్సు కండక్టరు టికెట్టిస్తే వెనక్కి తిప్పి చూసేవాడు, వెనక ఏమీ ఉండదని తెలిసినా. ఇంట్లో కొత్త రకం కూర చేస్తే ముందు పెద్దవ్వ తినేదాకా కంచంలో చెయ్యి పెట్టేవాడు కాదు. "గట్ల సూస్తవేందయ్యా, నేనేమన్న మందు పెడ్తనా?" అని పెద్దవ్వ అడిగితే, "నువ్వు పెట్టవు, కూరగాయలు అమ్మినోడు మంచోడో కాదో ఎవలికెర్క?" అనేవాడు. అన్ని అనుమానాల మధ్యా ఆయన ఒక్కరిని మాత్రం పూర్తిగా నమ్మేవాడు. అతను పెద్దవ్వ తమ్ముడు, నాకు మామ వరస. ఇద్దరి చేలూ పక్కపక్కనే. ఆదివారం మెథడిస్టు చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. పాటల పుస్తకం ఒకటే తెచ్చుకుని ఇద్దరూ చెరో అంచు పట్టుకుని పాడేవాళ్లు.

క్వారీ సంగతి చెప్పాలి. పెద్దబాపు చేనులో సగం గుట్ట. ఆ గుట్టను గ్రానైట్ కోసం ఎవరో కొన్నేళ్లు తవ్వుకుని, రాయిలో పగుళ్లు కనపడగానే వదిలేసి పోయారు. నిటారుగా కోసిన గోడలతో లోతైన గుంత మిగిలింది, చుట్టూ పనికిరాని రాళ్ల దిబ్బలు. మొదట్లో అది ఉత్త రాయి. పిచ్చి గడ్డి పోచ కూడా లేదు. ఒక వానాకాలానికి నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలోకి కప్పలు ఎక్కడి నుంచి వచ్చాయో మరి, మేమెవరం పిలవలేదు. రాతి పగుళ్లలో మట్టి చేరింది. మట్టిలో తుంగ మొలిచింది. తుంగ మీద తూనీగలు వాలాయి. వాటి కోసం పిట్టలు, పిట్టల రెట్టలతో పాటు ఏవేవో విత్తనాలు. రాతిగోడ నడుమన ఒక రావి మొక్క వేలాడుతూ లేచింది. నేను బడి నుంచి వస్తూ కాసేపు అక్కడ ఆగేదాన్ని. ఎవరూ వెయ్యని మొక్కలు, ఎవరూ వదలని పురుగులు. చచ్చిన రాయి పట్టున ఇంత బతుకు ఎట్లా పుట్టుకొచ్చిందా అనిపించేది. పెద్దబాపుకు అనిపించింది వేరు. "ఇండ్ల చేపలెందుకు పెంచద్దు?" అన్నాడు.

చేపపిల్లలు తెచ్చి వదిలాడు. బొచ్చెలు, రవ్వలు. కొర్రమట్టలు కూడా చేరాయి, బురదలో సైతం బతికే నల్లటి చేపలు. నీళ్లు పచ్చబడితే చేపలకు మేత బాగా దొరుకుతుందని ఎవరో చెప్పారు. ఇక చూసుకోండి, దొడ్లో పేడంతా గుంతకే. గంపల కొద్దీ పోశాడు. నీళ్లు నిజంగానే ఆకుపచ్చగా, చిక్కగా తయారయ్యాయి. పొద్దున పోయి గట్టు మీద నిలబడి చప్పట్లు కొడితే బొచ్చెలు మూతులు పైకెత్తేవి. ఆ మూతులు చూసినప్పుడు పెద్దబాపు మొహంలో అనుమానమనేది ఉండేది కాదు. మనుషుల దగ్గర దొరకని నెమ్మది ఏదో ఆయనకు అక్కడ దొరికింది.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. మామ పత్తి విత్తనం పెట్టేశాడు. మొలకలు వచ్చి వాడిపోతున్నాయి. ఆయిల్ ఇంజన్ పెట్టి గుంతలో నీళ్లు రెండు తడులు తోడుకుంటానని బావను అడిగాడు. పెద్దబాపు ఒప్పుకోలేదు. నీళ్లు తగ్గితే చేపలు వేడికి చస్తాయన్నాడు. మామ వెళ్లిపోయాడు. సగం పత్తి ఎండింది. మళ్లీ విత్తుకున్నాడు. చర్చిలో అదే బెంచీ మీద కూర్చున్నాడు గాని, పాటల పుస్తకం వేరుగా తెచ్చుకున్నాడు.

తర్వాత వానలు పడ్డాయి. ఒక విడత ముసురు పట్టింది. సూర్యుడు మొహం చూపించలేదు. చల్లటి గాలి, గుట్ట మీది నుంచి రాళ్లను కడుగుతూ దిగే చల్లటి వాన నీళ్లు. అది తగ్గిన పొద్దున పెద్దబాపు గుంత దగ్గరికి పోయి, పోయినంత వేగంగా వెనక్కి వచ్చి వాకిట్లో కూలబడ్డాడు. చేత్తో అటు చూపించాడు. మేం పరుగెత్తాం. నీళ్లు పచ్చగా లేవు, నల్లగా ఉన్నాయి. పైన బొచ్చెలు, రవ్వలు, పిల్లలు, పెద్దవి అన్నీ వెల్లకిలా. ఆ వాసన గుంత గోడల మధ్య నిండిపోయి ఉంది. పెద్దవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే ఒడ్డున తుంగలో ఏదో చూసి ఆగిపోయింది. పురుగుమందు డబ్బా. ఖాళీది.

పత్తి చేల దగ్గర మందు డబ్బా దొరకడం వింత కాదు. మందు కలుపుకోవడానికి నీళ్లు ముంచేది దానితోనే. అది ఎవరికైనా తెలుసు. కాని ఆ పొద్దున ఎవరికీ గుర్తు రాలేదు. పెద్దబాపు డబ్బాను కట్టెపుల్లతో తిప్పి చూశాడు. తర్వాత తల ఎత్తి పక్క చేను వైపు చూశాడు. నేనూ అటే చూశాను. చివరికి పెద్దవ్వ కూడా చూసింది, తన తమ్ముడి చేను వైపు.

కబురు తెలిసి మామ వచ్చాడు. డబ్బా తనదేనన్నాడు. "నీళ్లు ముంచుకుని ఆడ్నే మర్శిన బావా. నేనేం పొయ్యలే. దేవుని తోడు" అన్నాడు. పెద్దబాపు అతని మొహం చూడకుండా, "దేవుని ఎందుకు నడుమ తెస్తవు? ఆయినె పత్తి పెట్టలే" అన్నాడు. ఆ మాటతో ఇద్దరి నడుమా తలుపు మూసుకుపోయింది.

జిల్లా నుంచి చేపల ఆఫీసు మనిషి ఒకాయన వచ్చి చూశాడు. ఓపికగల మనిషి. నీళ్లు సీసాలో పట్టుకుని, గుంత చుట్టూ తిరిగి, మా వాకిట్లో కుర్చీ మీద కూర్చుని చెప్పాడు. ఇంత లోతు గుంతకు, చుట్టూ ఇంత ఎత్తు గోడలుంటే గాలి తగలదు. ఎండకు పై నీళ్లే వేడెక్కుతాయి, అడుగున చల్లటి నీళ్లు కదలకుండా పడి ఉంటాయి. పోసిన పేడ, రాలిన ఆకు, చచ్చిన పురుగు అన్నీ ఆ అడుక్కే చేరి కుళ్లుతాయి. అక్కడ ఊపిరికి గాలి ఉండదు. పచ్చటి నాచు ఎండ ఉన్నంతసేపే నీళ్లకు ఊపిరి పోస్తుంది. ముసురు పడితే అదీ పోతుంది. పైనుంచి చల్లటి వాన నీళ్లు దిగి, గాలి కుదిపితే, అడుగు నీళ్లు తిరగబడి పైకొస్తాయి. "ఎవరూ ఏమీ పొయ్యలేదు పెద్దాయనా. నీళ్లే తిరగబడ్డాయి" అన్నాడు. తర్వాత అడిగాడు, "కొర్రమట్టలు చచ్చాయా?" చావలేదు. "చూశారా, అవి పైకొచ్చి బయటి గాలి మింగుతాయి. మందు పోసుంటే అవి కూడా చచ్చేవి." మళ్లీ ఎప్పుడైనా చేపలు పైకొచ్చి మూతులు తెరుస్తుంటే, ఇంజన్ పెట్టి నీళ్లు ఎత్తుకు లేపి గుంతలోనే పొయ్యమని, పడే నీళ్లతో గాలి కలుస్తుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన జీపు మలుపు తిరిగేదాకా పెద్దబాపు ఆగాడు. "ఈ సారు ముందుగాల ఎవలింట్ల చాయ తాగిండో ఎర్కేనా?" అన్నాడు. మామ ఇల్లు రోడ్డు మీదే ఉంటుంది. జీపు అక్కడ ఆగింది, దారి అడగడానికి. "ఇంకొకటి. కొర్రమట్టలు ఎందుకు సావలే? వానికి కొర్రమట్ట కూరంటే పానం. గందుకే వాటిని ఇడ్సిపెట్టిండు." మందు పోసినవాడు నీళ్లలో ఏ చేప ఎక్కడుందో చూసి పోస్తాడా అని నేను అడిగితే, నన్ను కూడా ఒక చూపు చూశాడు. ఆ తర్వాత నేను బడి నుంచి ఏ దారిన వస్తున్నానో కనుక్కునేవాడు. నవ్వొచ్చేది గాని, నవ్వలేకపోయేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆఫీసాయన మాట నాకూ పూర్తిగా మింగుడు పడలేదు. నీళ్లు వాటంతట అవి తిరగబడటం కంటే ఒక మనిషి చెయ్యి చెయ్యడమే నమ్మడానికి సులువుగా ఉంది.

ఆ ఏడాది ఇంట్లో గాలి కూడా కదల్లేదు. పెద్దబాపు, మామ చర్చిలో చెరో వైపు కూర్చున్నారు. ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారాల్లో పాస్టరు గారు, సహోదరుడి మీద మనసులో ఏదన్నా ఉన్నవాళ్లు ముందు దాన్ని సరిచేసుకుని రమ్మనేవారు. ఆ మాట వినగానే పెద్దబాపు ఓరగా అటు చూసేవాడు, మామ లేస్తాడా అని. మామ ఇటు చూసేవాడు. ముందు లేచినవాడు తనదే తప్పని ఒప్పుకున్నట్టవుతుందని ఇద్దరి లెక్క కాబోలు, ఇద్దరూ లేవకుండా కూర్చుండిపోయేవాళ్లు. నడుమ పెద్దవ్వ ఒక్కతే లేచి ముందుకు పోయి, మోకరించి, రొట్టె అందుకుని, ఎవరి వైపూ చూడకుండా వచ్చి కూర్చునేది.

చలికాలంలో మామ కూతురి పెండ్లి అయింది. పెద్దవ్వకు ఆ పిల్ల సొంత బిడ్డ లెక్క. పురుడు పోసిన చేతులు ఆమెవి. పెద్దబాపు పోవద్దని అనలేదు. "నీ ఇష్టం" అన్నాడు. ఆయన అనే తీరుకు అది వద్దనడమే. పెద్దవ్వ పోలేదు. చర్చి మైకులో పెండ్లి పాట ఇంటిదాకా వినిపిస్తుంటే, చాటలో బియ్యం ఏరుతూ వాకిట్లో కూర్చుంది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరింది. నేను పోయి వచ్చాను. తిరిగి వచ్చేసరికి పెద్దబాపు గుమ్మం దగ్గరే ఉన్నాడు. "ఏం పెట్టిండ్రు?" అన్నాడు. అన్నం, మాంసం, పప్పు అని చెప్పాను. "చేపలు పెట్టలేదా?" అన్నాడు. లేదన్నాను. "ఎందుకు పెడ్తరు" అని లోపలికి పోయాడు. పెట్టినా అనుమానమే, పెట్టకున్నా అనుమానమే. పెద్దవ్వ మాత్రం ఒకటే అడిగింది, "పిల్ల ఏ రంగు చీర కట్టింది బిడ్డా?" తెల్లదని చెప్పాను. మా చర్చి పెండ్లిలో తెల్లచీర కాక ఏం కడుతుంది? ఆ పిల్ల గురించి ఏదో ఒకటి నా నోట వినడానికే ఆమె అడిగింది.

మళ్లీ చేపపిల్లలు వేశాడు పెద్దబాపు. ఈసారి కాపలా కూడా పెట్టుకున్నాడు, తనకు తానే. రాళ్ల దిబ్బ మీద నాలుగు కర్రలు పాతి, పైన పట్టా కప్పి, కింద మంచం వేసుకున్నాడు. వానాకాలం మొదలైనప్పటి నుంచి రాత్రీ పగలూ అక్కడే. గొంగడి కప్పుకుని, గొడుగు పక్కన పెట్టుకుని, పక్క చేను వైపు మొహం పెట్టి కూర్చునేవాడు. గుంత వైపు వీపు ఉండేది. నేను ఒకసారి అన్నాను, చూడాల్సింది నీళ్లు కదా పెద్దబాపూ అని. "నీళ్లు ఏం జేస్తయి బిడ్డా, జేసేది మనుషులు" అన్నాడు.

ముసురు పట్టింది, నిరుటి లాగే. బడికి సెలవిచ్చారు. మధ్యాహ్నం పెద్దవ్వ, నేను చాయ ఫ్లాస్కు తీసుకుని గుంత దగ్గరికి పోయాం. దిబ్బ ఎక్కుతుండగానే వాసన తగిలింది. పెద్దబాపు మంచం దిగి నిలబడి ఉన్నాడు. నీళ్ల నడుమ నల్లటి మచ్చ ఒకటి కింది నుంచి ఉబికి, పచ్చదనాన్ని పక్కకు తోస్తూ పెద్దదవుతోంది. ఒడ్డు పొడుగునా బొచ్చెలు మూతులు పైకెత్తి తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. అవి మేత కోసం కాదు. ఒకటి రెండు అప్పుడే పక్కకు ఒరుగుతున్నాయి.

"ఎవడు? ఎవడొచ్చిండు?" అని అరిచాడు పెద్దబాపు. చేను వైపు తిరిగి చూశాడు. దారి వైపు చూశాడు. గుట్ట పైకి చూశాడు. ఎక్కడా ఎవరూ లేరు. వాన, రాయి, ఆ నీళ్లు. "నిన్నటి సంది కదలలే నేను. కన్ను మలపలే. ఒక్క మనిషి రాలే బిడ్డా" అని నాతో అన్నాడు. ఆయన గొంతులో నేనెప్పుడూ వినని భయం. ఏడాదంతా ఒకరి మీద పెట్టుకుని మోసిన అనుమానాన్ని ఇప్పుడు ఎవరి మీద దించాలో తెలియక, చేతులు వేలాడేసి నిలబడ్డాడు. అప్పుడు, మొదటిసారి, నీళ్ల వైపు తిరిగాడు.

"వాటికి ఊపిరాడ్త లేదయ్యా" అంది పెద్దవ్వ. ఫ్లాస్కు నా చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, దిబ్బ దిగి పత్తి చేనుకు అడ్డం పడి పరుగెత్తింది. నిరుడు ఆఫీసాయన చెప్పింది గుమ్మం వెనక నిలబడి విన్నది ఆమె. గుర్తుపెట్టుకుంది. భర్తను అడగలేదు. ఏడాదిగా తొక్కని తమ్ముడి గడప తొక్కింది.

మామ ట్రాక్టరు మీద ఇంజన్ వేసుకుని వచ్చాడు. దిగుతూనే బావ మొహం కూడా చూడకుండా ఒక పైపు నీళ్లలో వేశాడు, ఇంజన్ తిప్పాడు. రెండో పైపు నోరు పట్టుకుని ఎత్తైన బండ మీదికి ఎక్కాడు. నీళ్లు వచ్చే జోరుకు పైపు పాములా కొట్టుకుంది. ఒక్కడి వల్ల ఆగలేదు. జారిపోతున్నాడు. పెద్దబాపు రెండంగల్లో ఎక్కి వెనక నుంచి పైపును చంకలో ఇరికించుకుని పట్టుకున్నాడు. ఇద్దరూ భుజం భుజం ఆనించుకుని, వానలో, ఆ కంపు నీళ్లను ఆకాశానికి చల్లినట్టు చల్లారు. నీళ్లు బండ మీద పడి చిట్లి, తెల్లగా నురగలై గుంతలోకి దిగాయి. కాసేపటికి చేపలు ఒక్కొక్కటే ఆ నురగ కిందికి చేరాయి. చచ్చినవి చచ్చాయి. చాలా మాత్రం బతికాయి. పెద్దవ్వ కింద నిలబడి, వాన నీళ్లో కన్నీళ్లో తుడుచుకుంటూ, "గా పక్కకు, గా పక్కకు పొయ్యిండ్రి" అని చేతులతో చూపిస్తూనే ఉంది.

సాయంత్రానికి మబ్బు విడిచింది. ఇంజన్ ఆపి ఇద్దరూ బండ మీదే కూలబడ్డారు. నేను చల్లారిన చాయ పోసి ఇచ్చాను. పెద్దబాపు గ్లాసు పట్టుకుని, తాగకుండా, నీళ్ల వైపే చూస్తూ అన్నాడు. "నువ్వు మందు పొయ్యలే. సరే, ఒప్పుకుంటున్న. కని పోద్దామని అనుకోను కూడ లేదని చెప్పు."

ఇప్పుడైనా ఊరుకోడా ఈ మనిషి అనుకున్నాను. మామ తన గ్లాసు బండ మీద పెట్టాడు.

"అనుకున్న బావా" అన్నాడు. "మొలకలు ఎండినప్పుడు. డబ్బా పట్టుకుని ఒడ్డు దాక అచ్చిన. కూసున్న. నువ్వనుకున్నయో ఏమో, నీ చేపలు మూతులు బయట పెట్టినయి. చేతులు రాలే. లేసి పోయిన. ఆ మందు మల్ల పెట్టిన పత్తికే కలుపుకున్న, ఉత్త డబ్బా గాడ మర్శిన."

పెద్దవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దబాపు మాత్రం మెల్లగా మామ వైపు తిరిగాడు. ఆయన మొహం విప్పారింది. "అగో! నాకు ఎర్కనే!" అని తొడ చరిచాడు. "నేను పిచ్చోన్ని గాదు. ఏదో ఉన్నదని నాకు ఎర్కనే!" అంటూ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు చూసి మామ బిత్తరపోయాడు, తర్వాత తనూ నవ్వాడు. అన్యాయంగా అనుమానించానని ఒప్పుకోవాల్సి వస్తే పెద్దబాపు ఈ జన్మకు క్షమించేవాడు కాదనిపిస్తుంది నాకు. తన అనుమానంలో రవ్వంత నిజముందని తేలింది గనుక మొత్తం వదిలేయగలిగాడు. ఆ నెల బల్ల ఆదివారం ఇద్దరూ ఒకేసారి లేచారు. ముందు ఎవరు అడుగు వేస్తారా అని మాత్రం ఒకరినొకరు చూసుకున్నారు.

తర్వాత ఆఫీసాయనను మళ్లీ పిలిచారు. ఆయన చెప్పినట్టు పేడ పొయ్యడం తగ్గించారు. అడుగు నీళ్లను పైపు వేసి మామ పత్తికి మళ్లించారు. చేపలకు విషమైన ఆ మురుగు పత్తికి ఎరువైంది. గట్టు పక్క సాళ్లలో మామ పత్తి తీసేసి కంది వేశాడు, మందు తుంపర నీళ్ల మీద పడకుండా. పెద్దబాపు అప్పుడప్పుడూ ఆ కంది సాళ్లలో తిరిగి, ఆకులు వాసన చూసి వచ్చేవాడు, అలవాటు కొద్దీ.

పెద్దబాపు పోయి కొన్నేళ్లయింది. పెద్దవ్వ ఇప్పుడు ఎక్కువగా తమ్ముడింట్లోనే ఉంటుంది. మామ కూతురు పిల్లలతో వస్తే ఆ పిల్లలను ఒళ్లోంచి దించదు. అంతా బాగానే సర్దుకుంది. నీళ్లు తేటపడినంత సులువుగా రోజులు తేటపడవు గాని, చాలావరకు తేటపడ్డాయి. కలిసి గడిపిన ఏళ్లు ఎన్నో దొరికాయి మా వాళ్లకు. అయినా ఎవరైనా పాత సంగతులు ఎత్తితే పెద్దవ్వ నోట ముందుగా వచ్చేది, కలవకుండా పోయిన ఆ ఒక్క ఏడాదే.